కథల గుడ్డలు, కుట్టిన చేతులు

అమెరికాలో వేసవి సంతలకు వెళ్ళే మనవారిలో కొందరైనా హ్మాంగ్ స్త్రీలు కుట్టిన 'కథల గుడ్డ'లను చూసే ఉంటారు. నీలిరంగు గుడ్డమీద చిన్న చిన్న బొమ్మలు: వరి కోసే ఆడవాళ్ళు, పందులు, కోళ్ళు, ఆపైన విమానాలు, తుపాకులు. అడ్డంగా మేకాంగ్ నది. వెదురు బొంగులు పట్టుకొని ఈదుతున్న మనుషులు. అవతలి గట్టున శరణార్థుల శిబిరం. బాగుందని కొని సోఫా పైన తగిలించుకున్నవారూ ఉన్నారు. దానిని కళగా ఎంచి నాలుగు మాటలు చెప్పాలని మా ఉద్దేశం.

ముందుగా ఒక సంగతి. ఇది అనాదిగా వస్తున్న కళ కాదు. హ్మాంగుల పాత కుట్టుపనిని 'పాన్‌డావ్' అంటారు, పూలగుడ్డ అని అర్థం. అందులో మనుషుల బొమ్మలు దాదాపు కనిపించవు. నత్తగుల్ల చుట్టలు, ఏనుగు అడుగులు వంటి ముగ్గులే ఎక్కువ. పైగుడ్డను కత్తిరించి, అంచు లోపలికి మడిచి, కింది రంగు కనబడేట్టు కుట్టడం అందులోని గొప్ప పని. మైనంతో గీసి నీలిమందులో ముంచే అద్దకమూ ఉంది. మన కలంకారీలో నీలిరంగుకు పూర్వం మైనం వాడిన పద్ధతి లాంటిదే.

లావోస్‌లో సి.ఐ.ఏ. పక్షాన పోరాడిన హ్మాంగులు 1975లో ఆ పక్షం ఓడిపోగా వేల సంఖ్యలో నది దాటి థాయిలాండు చేరారు. బాన్ వినాయ్ వంటి శిబిరాలలో చేతికి పనిలేక, తిండికి డబ్బులేక ఉన్నప్పుడు, సహాయసంస్థల ప్రోత్సాహంతో, అమ్మకానికి పుట్టింది ఈ కథల గుడ్డ. బొమ్మలు చాలావరకు మగవాళ్ళు గీసేవారు, ఆడవాళ్ళు కుట్టేవారు.

సంతకోసం పుట్టింది గనుక కళ కాదనేవారితో మేము ఏకీభవించము. నది దగ్గర ఆ సూది పడే తీరు చూడండి! గట్టున వరుసగా, పొందికగా ఉన్న కుట్లు నీళ్ళలోకి వచ్చేసరికి చెదిరిపోతాయి. అయితే లోపాలు చెప్పక తప్పదు. ఒకే బొమ్మను పదేపదే దించుకోవడం ఎక్కువైంది. కొన్నింటిమీద ఇంగ్లీషు వాక్యాలు కుట్టారు, కొనేవారికి బొమ్మ చాలదన్నట్టు. అన్నిటికన్నా బాధాకరం రంగులు. హ్మాంగుల గులాబి, పసుపు, ఆకుపచ్చలు పోయి, అమెరికా ఇళ్ళ గోడలకు నప్పే లేత నీలం, గోధుమ, బూడిద రంగులు వచ్చాయి. కుట్టేవారి కన్ను మారలేదు, కొనేవారి కన్ను వారి దారాన్ని మార్చింది.

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో ఇది ఇంకొక మెట్టు ఎక్కింది. 1980ల నుంచి అక్కడ హ్మాంగ్ స్త్రీలు బొంతలు కుట్టగా, వాటిని కొన్న యాత్రికులు అవి ఆమిష్‌వారి చేతిపనే అనుకొని మురిసిపోయారు.

ఇది చదివినప్పుడు మనకు నరసాపురం గుర్తు రాకమానదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి స్త్రీలపై రాసిన పుస్తకం 1982లో వెలువడింది. రోజులో ఆరేడు గంటలు అల్లేవారిని 'ఇల్లాళ్ళు, తీరిక వేళ కాలక్షేపం చేస్తున్నారు' అని లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారమే కూలి ఇచ్చారనీ, ఎగుమతి లాభం మగ వర్తకులకు చేరిందనీ ఆమె చూపింది. గోదావరికీ మేకాంగుకూ ఎంత దూరమో, ఈ 'తీరిక వేళ' అన్న మాట మాత్రం రెండుచోట్లా ఒకటే.

శరణార్థి స్త్రీలకు 'వృత్తి శిక్షణ' పేరుతో కుట్టు నేర్పే పథకాలపై మా అభ్యంతరం ఇక్కడే. ఏడేళ్ళ వయసునుంచీ సూది పట్టినవారికి కొత్తగా కుట్టు నేర్పేదేమిటి? ఒక గుడ్డకు ఎన్ని గంటలు పట్టిందో రాసుకొని ధర కట్టడం, ఆర్డరిచ్చినవారితో నేరుగా బేరమాడడం, పద్దులు రాయడం, బ్యాంకు ఖాతా తమ పేరున పెట్టుకోవడం, ఇవీ కావలసినవి. మాల్‌లో మారుమాటాడకుండా చెల్లించి, సంతలో మాత్రం పది డాలర్లు తగ్గించమనే మనవారు కూడా ఆ ధరలో భాగస్వాములే.

సెయింట్ పాల్‌లో ఇప్పుడు హ్మాంగుల నూతన సంవత్సర వేడుకలో మెరిసే దుస్తులు చాలావరకు చైనానుంచి, థాయిలాండునుంచి దిగుమతి అవుతున్నాయి. కూతుళ్ళు చదువుకొని ఉద్యోగాలకు వెళ్ళారు, అందుకు సంతోషించవలసిందే. అమ్మలు కుట్టిన పాత గుడ్డలను మ్యూజియంలు సేకరిస్తున్నాయి. చాలావాటి పక్కన చీటీమీద తెగపేరు, దేశంపేరు ఉంటాయి, కుట్టిన మనిషి పేరు ఉండదు.