చెట్టుకు కట్టిన చెవి

హైదరాబాద్‌లో ఆబిడ్స్ దాటి బషీర్‌బాగ్ వైపు వెళ్లేటప్పుడు తగిలే గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఊరికే రాలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడే ఫిరంగులు పోత పోయించాడు. అప్పట్లో కడప సీమ కూడా నిజాం ఏలుబడిలోదే. 1800లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాక దత్త మండలమైంది. ఆ కడప అడవిలో రాత్రిపూట కొద్ది నిమిషాలు మాత్రమే కూసే ఒక పిట్ట ఉంది. దాని కూత పట్టడానికి చెట్టుకు కట్టే చిన్న పెట్టె గురించే ఈ వ్యాసం. గన్‌ఫౌండ్రీకీ దానికీ ఏం సంబంధమంటే, తుపాకీయే. మన దేశంలో పక్షిశాస్త్రం చాలాకాలం తుపాకీ గొట్టంలోంచే నడిచింది. పిట్టను కొట్టి, చర్మం ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టి మ్యూజియం సొరుగులో పెడితేనే అది ఉన్నట్టు లెక్క. 1931-32లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో చేసిన పక్షుల సర్వే గొప్ప పని. అదీ ఈ పద్ధతిలోనే సాగింది. తప్పుపట్టడం కాదు, ఆనాటికి వేరే సాక్ష్యం లేదు.

ఇప్పుడు ఉంది. గుప్పిట్లో పట్టేంత రికార్డరు. దాన్ని అడవిలో కట్టి వచ్చేస్తే, చెప్పిన వేళకు తనే లేచి వింటుంది, తనే నిద్రపోతుంది. ఈక కూడా రాలకుండా సాక్ష్యం చేతికొస్తుంది. దాని విలువ తెలియాలంటే కలివికోడి కథ చెప్పుకోవాలి.

మద్రాసు సైన్యంలో వైద్యుడు జెర్డన్ సేకరించిన పిట్టకు 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయ నామం పెట్టాడు. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్, మనవాళ్లకు కలివికోడి. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిందే ఆఖరు. ఆ తరువాత ఎనభై ఐదేళ్లు ఎవరికీ దొరకలేదు, అంతరించిపోయిందనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా బొమ్మ చూపించి వాకబు చేశాడు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట దీపం వెలుగులో ఒక పిట్టను ప్రాణంతో పట్టుకున్నాడు. అది ఎక్కువ కాలం బతకలేదు, కానీ జాతి బతికే ఉందని తేలిపోయింది. ఆ తరువాతే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దాని ఆవాసాన్ని తాకబోతే కాలువ దారే మార్చారు. ఇన్ని పనులు జరిగినా ఆ పిట్టను కళ్లారా చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పగలు ముళ్ల పొదల నీడలో కదలకుండా ఉంటుంది, మసక పడ్డాక తిరుగుతుంది. దీపం పడితే కదలకుండా నిలబడిపోతుంది. ఐతన్నకు దొరకడమూ అందుకే.

అలాంటి పిట్టను వెతకడానికి పి. జగనాథన్, ఆయన సహచరులు రెండు ఉపాయాలు పన్నారు. పొదల మధ్య ఖాళీలో మెత్తని మట్టి పట్టీలు పరిచి తెల్లవారి కాలి గుర్తులు చదివారు. దానికి తోడు, ఎదురుగా ఏదైనా కదిలితే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. మూడో ఉపాయం కూత. ఆ కూతను తొలిసారిగా రికార్డు చేసిన వివరాలు 2004లో అచ్చయ్యాయి. రెండు పలుకుల చిన్న కూత, ట్విక్-టూ, ట్విక్-టూ అని గబగబా సాగుతుంది. సూర్యాస్తమయం తరువాత ముప్పావు గంటకు అటూ ఇటూ మొదలై కొన్ని నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ కొన్ని నిమిషాలూ సరిగ్గా ఆ పొద దగ్గర చెవి ఉండాలి. మనిషి ఒక సాయంత్రం ఒక చోటే నిలబడగలడు.

వినడం మాత్రం కొత్త విద్య కాదు. చెంచులు, యానాదులు, పిట్టలు పట్టి బతికినవాళ్లు ఏ పొదలో ఏముందో చెవితోనే చెప్పగలరు. పెంచిన కౌజును బోనులో పెట్టి, దాని కూతతో అడవి కౌజులను రప్పించి ఉచ్చుల్లో పట్టడం పల్లెల్లో అందరికీ తెలిసిన వేట. నేడు శాస్త్రజ్ఞులు రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం ఆగుతారు. పద్ధతి అదే, ఉచ్చు లేదంతే. రికార్డరు ఒక మెట్టు పైకెళ్లింది. పిట్టను పిలవను కూడా పిలవదు, వింటుందంతే. పిలిస్తే పిట్ట తన సహజమైన పని మానేసి స్పందిస్తుంది. వింటే దాని బతుకు దానిది.

ఇక పని తీరు. ఈ రంగంలో బాగా వినిపించే పేరు ఆడియోమాత్. ఇంగ్లండులో కొందరు పరిశోధకులు తయారుచేసి, నమూనా అందరికీ తెరిచిపెట్టిన చిన్న సర్క్యూట్ బోర్డు. మూడు పెన్సిల్ సెల్లులు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, నీళ్లు చొరని డబ్బా, అంతే సామగ్రి. ఖరీదైనవి కావాలంటే సాంగ్ మీటర్ వంటివి ఉన్నాయి. సెల్లులూ కార్డులూ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లోనో కోఠీలోనో దొరికేవే. ఎక్కడ కొన్నా కార్డును ముందు నిండుగా రాసి, మళ్లీ చదివి చూడాలి. 64 జీబీ అని రాసున్న కార్డులో 8 జీబీ మాత్రమే ఉంటే, ఆ సంగతి అడవినుంచి వచ్చాక తెలిసినా ప్రయోజనం ఉండదు.

ఎంత మెమరీ కావాలో ముందే లెక్క కట్టుకోవచ్చు. శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామో అందులో సగం పౌనఃపున్యం దాకానే నమ్మకంగా దొరుకుతుంది. సెకనుకు 48,000 సార్లు కొలిస్తే 24 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. దాదాపు ఏ పిట్ట కూతకైనా అది చాలు. ఆ లెక్కన గంటకు సుమారు 345 ఎంబీ అవుతుంది. రాత్రీ పగలూ తిప్పితే రోజుకు ఎనిమిది జీబీ దాటుతుంది, 64 జీబీ కార్డు వారానికే నిండిపోతుంది. అదే సూర్యాస్తమయం నుంచి రెండు గంటలే వినమంటే ఆ కార్డు మూడు నెలలు వస్తుంది. కలివికోడికి ఈ రెండో దారే మేలు. ఏ పిట్టలున్నాయో తెలియని కొత్త చోటైతే ఐదు నిమిషాలకు ఒక నిమిషం చొప్పున రోజంతా వినడం మంచిది. వేళ తెలిసినవాడికే ఈ యంత్రం పొదుపుగా పనిచేస్తుంది, ఆ వేళ తెలిసేది మళ్లీ అడవి మనుషుల వల్లే.

గడియారం దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇలాంటి రికార్డర్లు కొన్ని ప్రపంచ సమయం ప్రకారం నడుస్తాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. సాయంత్రం 6.40కి పట్టిన కూత ఫైలు మీద 13.10 అని పడుతుంది. ఇది తెలియకుండా సాయంత్రం ఆరింటికని పెడితే అది రాత్రి పదకొండున్నరకు లేస్తుంది. అప్పటికి కలివికోడి కూత ఎప్పుడో అయిపోయుంటుంది.

కట్టే చోటు మరో విద్య. మనిషి ఛాతీ ఎత్తుకు కాస్త పైన, ఆకుల కొమ్మ తగలని చోట, బోదె సన్నగా ఉన్న చెట్టుకు కట్టాలి. పెద్ద మానుకు కడితే వెనకవైపు శబ్దాన్ని ఆ మానే మింగేస్తుంది. వాగు పక్కన కడితే నీళ్ల చప్పుడు తప్ప మరొకటి ఉండదు. గాలి మైకును నేరుగా కొట్టకూడదు. రెండు రికార్డర్లు మరీ దగ్గరగా ఉంటే ఒకే పిట్ట రెండు చోట్లా నమోదవుతుంది. డబ్బా మీద తెలుగులో ఒక చీటీ అంటించాలి: ఇది ఏమిటో, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. ఈ చీటీ చిన్న విషయం కాదు. గొర్రెల కాపర్లూ, కట్టెలు ఏరుకునేవాళ్లూ నడిచే దారిలో వాళ్ల మాటలు కూడా అందులో పడతాయి. చెప్పకుండా మనుషుల మాటలు రికార్డు చేసి, ఆ డబ్బా మాయమైతే దొంగతనం అనడం న్యాయం కాదు. అభయారణ్యంలో పెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి ఎలాగూ ఉండాల్సిందే.

కార్డు ఇంటికొచ్చాక అసలు చాకిరీ. వందల గంటలు కూర్చుని ఎవరూ వినలేరు. అందుకే శబ్దాన్ని బొమ్మగా మారుస్తారు. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్థాయి, ఎంత చిక్కగా ఉంటే అంత బిగ్గర. కీచురాళ్లు పైన అడ్డంగా గీసిన చారల్లా పడతాయి, జీపు కింద మసిలా పడుతుంది. తీతువు కూత వంకులు తిరిగిన గీతల వరుస. అలవాటైన కన్ను గంట శబ్దాన్ని నిమిషాల్లో తిరగేస్తుంది. ఆ పైన సాఫ్ట్‌వేరు. తెలిసిన కూత బొమ్మను అచ్చుగా ఇచ్చి అలాంటివి వెతకమనడం ఒక పద్ధతి. కార్నెల్ విశ్వవిద్యాలయం, జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి చేసిన బర్డ్‌నెట్ వంటివి శబ్దాన్ని మూడేసి సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఇది ఫలానా పిట్ట కావచ్చని మార్కులు వేస్తాయి.

ఆ మార్కులను చూసి మురిసిపోతే కొంప మునుగుతుంది. చిన్న లెక్క వేద్దాం. పది రికార్డర్లు, రాత్రికి రెండు గంటలు, నెల రోజులు: 600 గంటలు. గంటకు 1,200 ముక్కల చొప్పున 7,20,000 ముక్కలు. వెయ్యికి ఒక్కసారి మాత్రమే పొరబడే సాఫ్ట్‌వేరు అనుకుందాం, చాలా మంచిదే. అయినా 720 అబద్ధపు కలివికోళ్లు తయారవుతాయి. నిజమైనవి రెండు మూడే ఉంటే వాటిని ఈ గుంపులోంచి ఏరడం మనిషి పని. పిట్ట ఎంత అరుదైతే చెవి అంత గట్టిగా ఉండాలి. కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇక పక్షుల పరిశీలకులు ఎందుకన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఈ లెక్క తెలియనివాళ్ల మాట అది.

తిరుపతి ఐసర్‌లో వి.వి. రాబిన్ ప్రయోగశాల ఈ పద్ధతినే కలివికోడి మీద ప్రయోగించింది. లంకమల ప్రాంతాన్ని గళ్లుగా విభజించి రికార్డర్లు పెట్టి, కూతను యంత్రంతో వెతికించి, మనుషులు సరిచూసిన అధ్యయనం ఓరిక్స్ పత్రికలో వచ్చింది. జగనాథన్ కూడా అందులో భాగస్వామి. కలివికోడి కూత మాత్రం ఆ రికార్డింగుల్లో దొరకలేదు. దీన్ని ఓటమి అనేవారున్నారు. నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న బలమే అక్కడ బయటపడింది. మామూలుగా అడవికి వెళ్లి ఏమీ వినకుండా తిరిగొస్తే చెప్పడానికేమీ ఉండదు. రికార్డరు పెట్టినప్పుడు ఫలానా పొద దగ్గర, ఫలానా రాత్రుల్లో, ఇన్ని గంటలు విన్నాం, కూత లేదు అని సాక్ష్యంతో చెప్పవచ్చు. పైగా ఆ ఫైళ్లు ఉంటాయి. రేపు మెరుగైన సాఫ్ట్‌వేరు వస్తే పాత రాత్రులనే మళ్లీ వినవచ్చు. కానీ వినబడలేదు గనక లేదు అనడానికి మాత్రం వీల్లేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందమొకటి ఆంధ్రప్రదేశ్‌లో ఈ కూతను మళ్లీ రికార్డు చేసింది. ఎన్ని ఉన్నాయన్నదీ ఈ పెట్టె నేరుగా చెప్పలేదు. ఒకే పిట్ట పదిసార్లు కూసినా, పది పిట్టలు ఒక్కోసారి కూసినా దానికి పది కూతలే.

ఆస్ట్రేలియాలో నైట్ ప్యారట్ కథ దాదాపు ఇలాంటిదే, చివర మాత్రం మేలు. అదీ రాత్రిపూట తిరిగే పిట్ట, అదీ పోయిందనుకున్నదే. గ్రేట్ శాండీ ఎడారిలో ఙురుర్పా ఆదివాసీ రేంజర్లు, శాస్త్రజ్ఞులు కలిసి రికార్డర్లు పెట్టి, యాభై దాకా పిట్టలు ఉండవచ్చని 2024లో ప్రకటించారు. ఎక్కడ పెట్టాలో చెప్పింది ఆ నేల మీద పుట్టినవాళ్లు. మన దగ్గర ఐతన్న వంటివారిని వార్తలో మెచ్చుకుని వదిలేశాం. వాళ్ల పిల్లలకు ఈ రికార్డర్లు అప్పగించి జీతమిచ్చే ఏర్పాటు శాశ్వతంగా ఉండాలి.

చెవికి అందని శబ్దాల్లోనూ తెలుగువారి పని ఉంది. ఉస్మానియా జంతుశాస్త్ర విభాగంలో చేల్మల శ్రీనివాసులు, భార్గవీ శ్రీనివాసులు గబ్బిలాల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. వాళ్లు అధ్యయనం చేసినవాటిలో తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లాలో, హనుమనహళ్లి గుహలో మాత్రమే మిగిలిన ఒక గబ్బిలం జాతి ఉంది. దాని కూత 100 కిలోహెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉంటుంది. మన చెవి పరిమితి ఇరవై. అలాంటి కూత పట్టాలంటే సెకనుకు రెండున్నర మూడు లక్షలసార్లు కొలవాలి. గంటకు సుమారు రెండు జీబీ అవుతుంది.

మరి గన్‌ఫౌండ్రీలో ఒక రికార్డరు కడితే? హారన్లు పడతాయి, సెయింట్ జోసెఫ్ కథెడ్రల్ గంటలు పడతాయి, నాంపల్లి స్టేషన్ వైపునుంచి రైలు కూత పడుతుంది. వాటి మధ్యనే రామచిలుకలు, కోకిలలు, తెల్లవారుజామున పైడికంటెలు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ పిట్టలు ట్రాఫిక్ రొదకు పైన వినబడేలా హెచ్చు స్థాయిలో పాడుతున్నాయని 2003లో తేల్చారు. మన పిట్టలు ఏం చేస్తున్నాయో తెలుసుకోవడానికి పబ్లిక్ గార్డెన్స్, నిజాం కాలేజీ మైదానం చాలు. ఏ కాలేజీ జువాలజీ విభాగమైనా ఏడాది పొడవునా నడపగల పని ఇది. నగరంలో ఈ రోజు శబ్దం నిల్వ చేయకపోతే, ఇరవై ఏళ్ల తరువాత ఏది తగ్గిందో పోల్చడానికి ఏమీ మిగలదు.

లంకమలకు వెళ్లే ఔత్సాహికులకు ఒక మనవి. ఫోనులో కలివికోడి కూత పెట్టి పిట్టను పిలవకండి. నిజంగా కూత వినిపిస్తే ఫోనులోనే రికార్డు చేసి, వేళా చోటూ రాసి అటవీశాఖకు ఇవ్వండి. ఆ చోటును మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.