సముద్రములో దొరకిన శవము - ఒక ప్రసిద్ధ గ్రంథము

1943 ఏప్రిల్ 30వ తేదీన స్పెయిన్ దేశపు నైరుతి తీరమున, హుయెల్వా పట్టణము దాపున, సముద్రముమీద తేలుచున్న శవమొకటి ఒక జాలరికి కనబడినది. ఒంటిమీద బ్రిటిష్ సైనికదుస్తులు, గొలుసుతో బిగించిన తోలుసంచి, జేబులో ఉత్తరములు. ఆ కాగితములనుబట్టి అతడు రాయల్ మెరీన్స్ దళములోని మేజర్ విలియం మార్టిన్ అని తేలినది. అట్టి మేజరు లోకములో ఎన్నడును లేడు. మిత్రరాజ్యముల సేనలు సిసిలీలో దిగబోవుచుండగా, గ్రీసులోను సార్డీనియాలోను దిగునని జర్మనులను నమ్మించుటకు బ్రిటిష్ గూఢచారిశాఖ వారు ఒక అనామకుని శవమునకు మేజరు వేషము వేసి, జలాంతర్గామిలో తెచ్చి ఆ నీటిలో విడిచిరి.

పన్నాగమును నడిపినవారిలో ముఖ్యుడైన ఈవెన్ మాంటెగ్యూ ఈ కథను 1953లో 'ది మాన్ హు నెవర్ వజ్' అను గ్రంథముగా ప్రకటించెను. 1956లో దానిని చలనచిత్రముగా తీసిరి. గ్రంథము చిన్నది, చేతబట్టిన విడువబుద్ధి పుట్టదు. హైస్కూలు పైతరగతులవారికి నిస్సంకోచముగా ఇవ్వవచ్చును. అయితే దీనిలో శవపరీక్షను గూర్చి చెప్పిన భాగమును శాస్త్రముగా నమ్మరాదని నా అభిప్రాయము.

మొదట మంచిని చెప్పుదము. శవమును లోహపు డబ్బాలో ఉంచి, ఘనరూపమైన బొగ్గుపులుసు వాయువుతో నింపిన ఘట్టము రసాయనశాస్త్ర ఉపాధ్యాయునికి వరప్రసాదము. ఆ మంచు కరగి నీరు కాదు, నేరుగా వాయువగును. ఆ వాయువు డబ్బాలోని గాలిని వెలికి నెట్టును. ప్రాణవాయువు కరవై, చల్లదనము తోడై, కుళ్లు మందగించును. ఉత్పతనమును బోధించుటకు ఇంతకంటె మరపురాని ఉదాహరణము నాకు దొరకలేదు.

చిక్కు మరణకారణముతో వచ్చినది. ఆ మనుష్యుడు న్యుమోనియాతో చనిపోయెనని మాంటెగ్యూ వ్రాసెను. ఆ వ్యాధిలో ఊపిరితిత్తులలో ద్రవము చేరును గనుక, నీట మునిగినవాని ఊపిరితిత్తులనుండి వానిని గుర్తించుట స్పెయిన్ వైద్యుల తరము కాదని సుప్రసిద్ధ వైద్యుడు సర్ బెర్నార్డ్ స్పిల్స్‌బరీ అభయమిచ్చెనట! ఈ మాటలో కొంత నిజమును, చాల గర్వమును కలవు. ఊపిరితిత్తులలో నీరున్నంతమాత్రమున మునిగి చచ్చెనని చెప్పరాదు. చచ్చిన తరువాత నీటిలో పడవేసినను కొంత నీరు లోనికి పోవచ్చును. ముక్కు నోళ్లయొద్ద కనబడు సన్నని నురుగు ఒక గుర్తే కాని, శవము కుళ్లినకొలది అది చెరిగిపోవును. డయాటములను సూక్ష్మ జలసస్యములను వెదకు పద్ధతియు కలదు: గుండె కొట్టుకొనుచుండగా నీరు ఊపిరితిత్తులలోనికి పీల్చినచో అవి రక్తముతోబాటు ఎముకమూలుగ వరకు పోవును. అవి దొరకకున్నను మునిగియుండవచ్చును. దొరకినను, పరీక్షగదిలోని నీటినుండియే చేరియుండవచ్చును. అందుచే మునక అనునది తక్కిన కారణములను ఒక్కొక్కటిగా తొలగించిన మీదట మిగులు నిర్ణయము. ఇది లండనులోనైనను హుయెల్వాలోనైనను ఒక్కటే.

ఇక అసలు న్యుమోనియాయే లేదు! 1996లో బయటపడిన ప్రభుత్వపత్రములలో గ్లిండూర్ మైకేల్ అను పేరు కనబడినది. అతడు వేల్సునుండి వచ్చి లండనులో దిక్కులేక తిరిగిన పేదవాడు. ఎలుకలమందు తిని 1943 జనవరి 28న, తన ముప్పదినాలుగవ యేట, ఆసుపత్రిలో మరణించెను. భాస్వరవిషము కాలేయమును చెరచును. దాని జాడ తెలియవలెనన్న కాలేయమును, కడుపులోని పదార్థమును రసాయనశాలకు పంపవలెను. ఊపిరితిత్తులను ఎంతసేపు చూచినను లాభము లేదు. అనగా గ్రంథములో చదువరిని మురిపించిన తర్కమంతయు ఆ మనుష్యునికి లేని రోగమునుగూర్చినదే. బంధువుల అనుమతి పొందితిమను మాటను కూడ తరువాతి పరిశోధకులు నమ్మలేదు. రహస్యము కాపాడవలసిన అధికారి వ్రాసినాడని సరిపెట్టుకొనవచ్చును గాని, అట్టి గ్రంథమును సాక్ష్యముగా చేకొనుట వేరు.

హుయెల్వాలో పరీక్ష చేసిన వైద్యుడు, అతడు సముద్రములో మునిగి ఊపిరాడక చనిపోయెనని వ్రాసెను. ఇందుకు అతనిని ఎగతాళి చేయువారున్నారు. కాని అతని ముందు ఏమున్నవో చూడుడు. వేడిమికి చెడుచున్న శవము; ప్రక్కన, త్వరగా ముగియవలెనని కోరు బ్రిటిష్ ఉపరాయబారి; జేబులో ఏప్రిల్ 22వ తేదీ నాటకశాల టిక్కెట్టు ముక్కలు. కథ అంతయు కాగితముమీద ముందే వ్రాసియున్నది. చనిపోయి మూడు నెలలైన దేహము నీటిలో గడిపినది కొన్ని గంటలే. చర్మము, వెండ్రుకలు, చేపలు కొరికిన గాట్లు ఒక కాలమును చెప్పును, కుళ్లు మరొక కాలమును చెప్పును. ఈ రెండు గడియారములకు పొత్తు కుదురుచున్నదా అని అడిగియుండిన పన్నాగము బీటలు వారెడిదేమో! అడుగనీయకుండ చేసినది టిక్కెట్టుముక్క. వైద్యుని అజ్ఞానముమీద కంటె ఆ ముక్కమీదనే పన్నాగము నిలిచినదని నేను తలచుచున్నాను. మాంటెగ్యూ ఆ కాగితములను కూర్చిన నేర్పును పేజీలకొలది వర్ణించెను. గెలుపు రహస్యము తన పుస్తకములోనే ఉండగా, దానిని స్పిల్స్‌బరీకి కట్టబెట్టెను.

మనము కూడ ఒక సంగతి గమనింపవలెను. గ్లిండూర్ మైకేల్ అను నిర్ణయమునకును ఆధారము ఎముకలు కావు, కాగితములే. 1943 మార్చి 27న స్కాట్లండు తీరమున పేలి మునిగిన డాషర్ నౌకలోని నావికుని శవమే అది అని వాదించువారు నేటికిని కలరు. వారి వాదము నాకు బలముగా తోచదు. మేజర్ మార్టిన్ కాగితములు ఒకరిని మోసగించుటకై ఒకేచోట పుట్టినవి. మైకేలు మరణపత్రము మరణవిచారణాధికారి విధిలో భాగముగా పుట్టి, ఎవరికిని చూపవలసిన పనిలేక పడియున్నది. రెండును కాగితములే అయినను వాని పుట్టుక వేరు. 2010లో బెన్ మెకింటైర్ వ్రాసిన 'ఆపరేషన్ మిన్స్‌మీట్' అను గ్రంథమును దీని ప్రక్కన పెట్టి చదివించినచో విద్యార్థులకు ఈ భేదము సులభముగా తెలియును. అది పెద్ద గ్రంథము, కొన్నిచోట్ల సాగదీసినది. అయినను పత్రములను చూచి వ్రాసినది.

హుయెల్వా శ్మశానములోని రాతిపై చాలకాలము మేజర్ మార్టిన్ పేరొక్కటే ఉండెను. 1998లో, మార్టినుగా సేవచేసినవాడు గ్లిండూర్ మైకేల్ అని దానిక్రింద చెక్కించిరి.