బార్టల్‌బీ వాళ్ల మేనేజరు

హెర్మన్ మెల్విల్ రాసిన ‘బార్టల్‌బీ’ కథ మొదటిసారి కాలేజీలో ఉండగా చదివాను. అప్పుడు నేను పూర్తిగా బార్టల్‌బీ పార్టీ. రెండోసారి చదివేనాటికి పదకొండు మంది ఉన్న టీమ్‌కి లీడ్‌ని. ఈసారి పుస్తకం మూసేసరికి నేనెవరి పార్టీయో చెప్పుకోడానికి సిగ్గేసింది.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. 1853 నవంబర్, డిసెంబర్ సంచికల్లో ‘పుట్నమ్స్ మంత్లీ’ అనే అమెరికన్ పత్రికలో రచయిత పేరు లేకుండా వచ్చింది. వాల్‌స్ట్రీట్‌లో ఒక లాయరు ఆఫీసు. జిరాక్సు మిషన్లు లేని రోజులు. దస్తావేజుకి ఎన్ని ప్రతులు కావాలంటే అన్నీ మనుషులు చేత్తో రాయాల్సిందే. వంద పదాలకి నాలుగు సెంట్లు. రాశాక మూలంతో పక్కన పెట్టుకుని ఒక్కో మాటా సరిచూడాలి. అక్కడికి బార్టల్‌బీ అనే కొత్త గుమస్తా వస్తాడు. మూడో రోజున, సరిచూడ్డానికి రమ్మంటే, రాకుండా ఉండటమే తనకి ఇష్టమని మర్యాదగా చెప్తాడు. కోపం లేదు, గొంతు పెంచడం లేదు. తర్వాత రాయడం కూడా మానేస్తాడు. తర్వాత ఆఫీసు వదిలి వెళ్లడానికీ ఒప్పుకోడు. చివరికి జైల్లో, తిండి మానేసి, గోడ పక్కన పడుకుని చనిపోతాడు.

ఈ కథని ఎక్కువమంది తిరస్కారం కథగా చదివారు. 2011లో వాల్‌స్ట్రీట్ ఆక్రమణ ఉద్యమంలో కూర్చున్నవాళ్లు బార్టల్‌బీని తమవాడనుకున్నారు. ఆ చదువు తప్పని అనను. కానీ అందులో ఒక చిక్కుంది. బార్టల్‌బీని వీరుణ్ణి చెయ్యగానే అతని బాధ మనకి కనబడటం మానేస్తుంది. వీరుడికి నిద్ర పట్టిందా, తిన్నాడా అని ఎవరూ అడగరు కదా.

నిజానికి ఈ కథ చెప్పేది బార్టల్‌బీ కాదు, వాళ్ల బాసు. అరవైకి దగ్గర పడ్డ లాయరు, నెమ్మదస్తుడు. తన కింద పనిచేసేవాళ్ల సంగతులు ఆయనకి బాగా తెలుసు. టర్కీ అనే గుమస్తా మధ్యాహ్నం దాకా బాగా పనిచేసి, ఆ తర్వాత మొహం ఎర్రబడి కాగితాల మీద సిరా మరకలు పెడతాడు. నిప్పర్స్ అనే కుర్రాడు అజీర్తితో పొద్దున్నంతా చిటపటలాడుతూ, బల్ల ఎత్తు సరిపోలేదని దాన్ని సర్దుకుంటూనే ఉంటాడు. వీళ్ల చిరాకులు వంతులవారీగా వస్తాయి కాబట్టి మొత్తానికి పని నడిచిపోతుందని లాయరు సంతోషిస్తాడు. చదువుతుంటే నవ్వొస్తుంది. కానీ ఆగి చూడండి: ఆ ఆఫీసులో ఏ పూటా ఎవరో ఒకరు బాధలో ఉన్నారు. ఆయన లెక్క మాత్రం పని ఆగిందా లేదా అన్నదే.

బార్టల్‌బీ మొదటి రోజులు గుర్తు తెచ్చుకోండి. ఎన్నాళ్లో తిండిలేనివాడు విస్తరి ముందు కూర్చున్నట్టు రాశాడు. పగలు ఎండ వెలుగులో, రాత్రి కొవ్వొత్తి వెలుగులో. నవ్వు లేదు, మాట లేదు. కాస్త ఉత్సాహంగా కూడా ఉంటే ఇంకా ఆనందించేవాణ్ణని లాయరు అంటాడు తప్ప, ఈ మనిషి ఎందుకిలా రాస్తున్నాడని అడగడు. నా దృష్టిలో కథలో మొదటి ప్రమాద సూచన ఆ మానేయడం కాదు, ఈ ఆగకుండా రాయడం. పని జరుగుతోంది కాబట్టి అది ఎవరికీ కనబడలేదు.

పని ఆగాక లాయరు చేసిన ప్రయత్నాలు వరసగా చూస్తే నేటి హెచ్‌ఆర్ కరపత్రంలా ఉంటాయి. రాయడం మానేస్తే, మసక వెలుగులో రాసి కళ్లు పాడయ్యాయేమో అనుకుని విశ్రాంతి ఇస్తాడు. బయట గాలిలో కాస్త తిరిగి రమ్మంటాడు. రావాల్సిన జీతం మీద ఇరవై డాలర్లు ఎక్కువిచ్చి వెళ్లిపొమ్మంటాడు. వేరే ఉద్యోగాలు చెప్తాడు: బట్టల కొట్లో గుమస్తా, సారా కొట్లో పని, ఊళ్లు తిరిగి బాకీలు వసూలు చెయ్యడం. ఆఖరికి మా ఇంటికి రా అని కూడా పిలుస్తాడు. ఇవేవీ దొంగ మాటలు కావు. నాకు తెలిసిన చాలామంది మేనేజర్ల కన్నా ఈయన మంచివాడు. జైలుకి వెళ్లి చూసింది కూడా ఆయనొక్కడే.

అయితే ఆయన ముట్టుకోనిది ఒకటుంది. ఆ ఆఫీసు కిటికీలకి ఒకవైపు తెల్లగోడ, ఇంకోవైపు పది అడుగుల దూరంలో మసిబారిన ఇటుక గోడ. బార్టల్‌బీ కిటికీకైతే మూడడుగుల్లోనే గోడ. పైగా పిలిస్తే పలికేలా, కంటికి మాత్రం కనబడకుండా, మధ్యలో ఒక ఆకుపచ్చ అడ్డతెర పెట్టించాడు. అది చాలా సుఖమైన ఏర్పాటని ఆయన మురిసిపోతాడు. కథంతా బార్టల్‌బీ ఆ గోడకేసే చూస్తూ నిలబడతాడు. ఇన్ని ఉపాయాలు ఆలోచించిన లాయరుకి, నీ బల్ల ఇటు జరపమంటావా అని ఒక్కసారి కూడా తట్టలేదు.

బదులుగా రోగనిర్ణయం చేస్తాడు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు, నయం కాదు, బాధ ఆత్మలో ఉంది, అక్కడికి నా చెయ్యి అందదు అని తేల్చేస్తాడు. ఎంత కరుణగా ఉందో ఆ మాట, అంత సౌకర్యంగానూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11లో బర్నౌట్‌ని వివరించినప్పుడు దాన్ని జబ్బుల జాబితాలో పెట్టలేదు, ఉద్యోగానికి సంబంధించిన పరిణామంగా పెట్టింది. సరిగా సంబాళించని, దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల వచ్చేది అంది. శక్తి హరించుకుపోవడం, పనిమీద మనసు విరగడం, చేతనైనది కూడా చెయ్యలేకపోవడం దాని మూడు లక్షణాలు. బార్టల్‌బీకి ఈ చీటీ అతికించాలని కాదు నా ఉద్దేశం. కారణం ఎక్కడ వెతకాలన్నదే అసలు ప్రశ్న. మనిషి లోపలా, గదిలోనా?

చివర్లో మెల్విల్ ఒక పుకారు చెప్తాడు. బార్టల్‌బీ ఇంతకుముందు వాషింగ్టన్‌లో చేరని ఉత్తరాల ఆఫీసులో పనిచేసేవాడట. ప్రభుత్వం మారితే ఉద్యోగం పోయిందట. చేరాల్సినవాళ్లకి చేరని ఉత్తరాలని మంటల్లో వెయ్యడానికి వేరుచెయ్యడం అతని పని. ఈ ముగింపు అతికినట్టుందని నాకూ ఒకప్పుడు అనిపించింది. ఇప్పుడు అలా అనుకోను. ఒత్తిడి వేరు, గాయం వేరు. ఒత్తిడి పని తగ్గితే తగ్గుతుంది. గాయం పాత ఉద్యోగం నుంచి కొత్త ఉద్యోగానికి మనతోపాటు నడిచొస్తుంది. లాయరు దీన్ని కథ అయిపోయాక, ఎవరో చెప్తే విన్నాడు. ఆదివారం పూట ఆఫీసులో ఒంటరిగా బతుకుతున్న మనిషిని చూశాక, నీ గతమేమిటని అడిగాడు నిజమే. కానీ అప్పటికి బార్టల్‌బీ చెప్పే దశ దాటిపోయాడు. రాత్రింబవళ్లు రాస్తున్న ఆ మొదటి వారాల్లో అడిగుంటే?

ఇక నా సిగ్గు సంగతి. మా టీమ్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు, నైట్ సపోర్టు. రాత్రి మూడింటికి సర్వర్ పడిపోయినా నాలుగు నిమిషాల్లో కాల్‌లోకి వచ్చేవాడు. వరసగా మూడు క్వార్టర్లు స్టార్ పెర్ఫార్మర్ సర్టిఫికెట్ ఇచ్చాం. తర్వాత మీటింగుల్లో మాట్లాడ్డం తగ్గింది. ఒకరోజు, “అన్నా, ఈ ఒక్కటీ నాతో కాదన్నా” అన్నాడు. నేను చెయ్యాల్సినవన్నీ చేశాను. కౌన్సెలర్ హెల్ప్‌లైన్ నంబరిచ్చాను. నాలుగు రోజులు సెలవు పెట్టుకొమ్మన్నాను. పొద్దున్నే నడవమన్నాను. నైట్ రోస్టర్ మాత్రం మార్చలేదు. ఆ ఎక్సెల్ షీటు నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. క్లయింటు ఒప్పుకోడు అనుకున్నాను, క్లయింటుని అడగనైనా లేదు. రెండు నెలలకి రాజీనామా పెట్టాడు. కారణం దగ్గర ‘వ్యక్తిగతం’ అని రాశాడు. అప్రూవ్ బటన్ నొక్కింది నేనే. సున్నితమైన మనిషి, ఈ ఫీల్డ్‌కి సరిపడడు అని మా మేనేజర్‌తో అన్నది కూడా నేనే.

జైలు ఆవరణలో లాయరు బార్టల్‌బీకి ధైర్యం చెప్తాడు, ఇదేమంత పాడుచోటు కాదు, చూడు ఆకాశం ఉంది, గడ్డి ఉంది అని. తను ఎక్కడున్నాడో తనకి తెలుసంటాడు బార్టల్‌బీ. కథలో నన్ను వదలని చోటు అదే. ఎక్కడున్నదీ తెలియంది ఎవరికి?

పోయిన నెల ఈ క్వార్టర్ స్టార్ పెర్ఫార్మర్ పేరు పంపమని మెయిలొచ్చింది. ఒక అమ్మాయి పేరు టైపు చేశాను. పంపేముందు రోస్టర్ తెరిచి ఆమె రాత్రులు లెక్కపెట్టాను. ఆ నెలలో పంతొమ్మిది. మెయిల్ పక్కన పెట్టి ముందు ఆమెకి ఫోన్ చేశాను. ఆ తర్వాత, ఇన్నాళ్లకి, క్లయింటుకి.