చొక్కా ముఖ్యమా? తీగ ముఖ్యమా?

ప్రతి వృత్తికీ తగిన దుస్తులు కొన్ని ఉన్నవి. గని కార్మికుని గట్టి టోపీ పనివానిని కాపాడుతుంది. శస్త్రవైద్యుని ముఖపట్టీ రోగిని కాపాడుతుంది. న్యాయవాది నల్లకోటు ఎవరినీ కాపాడదు. అతని వృత్తిని తెలియజేస్తుంది, అంతే. కంప్యూటరు భాగాలను విడివిడిగా కొని, ఇంటివద్దనే స్వయంగా కూర్చుకొనే ఉత్సాహవంతుల కోసమని నేడు అమ్ముతున్న దుస్తులు, ఉపకరణాలు ఈ మూడింటిలో ఏ కోవకు చెందుతవి? ఈ ప్రశ్న వేసుకొనకుండానే డబ్బు వెచ్చించేవారు చాలామంది.

గురజాలలోనో, మాచర్లలోనో ఒక ఇంజనీరింగు విద్యార్థి కంప్యూటరు కూర్చుకొన సంకల్పించినాడనుకొందాము. ఇంట్లో మిరప అమ్మిన సొమ్ములో కొంత ప్రాసెసరుకు, మదర్‌బోర్డుకు, మెమరీకి పోయినది. ఒక్క పొరపాటుతో అవి పాడైతే మరల కొనే శక్తి ఆ ఇంటికి ఉండకపోవచ్చును. అందుచేత అతడు జాగ్రత్తలు వెదకుతాడు. చిప్పుల బొమ్మలు అచ్చువేసిన నల్లచొక్కాలు, సగం వేళ్ల చేతితొడుగులు, తీగలేని మణికట్టు పట్టీలు కనబడుతవి. వీటితోపాటు, నూలు బట్టలు కట్టుకొనవలెననీ, ఉన్ని, పాలియెస్టరు మానవలెననీ, తివాచీమీద నిలబడరాదనీ సలహా వినబడుతుంది. సరుకునూ, సలహానూ రెండింటినీ పరీక్షించి చూడవలెను.

కనిపించని శత్రువు

రెండు వేర్వేరు పదార్థాలు తాకి విడిపోయినప్పుడు ఎలక్ట్రానులు ఒకదానినుండి మరొకదానికి చేరుతవి. తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితపు ముక్కలను ఆకర్షించుటకు ఇదే కారణం. ఈ స్థిర విద్యుత్తు మనిషి దేహంపై కూడ చేరుతుంది. విద్యుద్దృష్టితో చూచిన మానవదేహం సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటరు వంటిది. దానిపై వోల్టేజి రమారమి 3000 దాటితే గాని వేలికి చురుక్కుమనదు. కాని కొన్ని సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగాలు 100 వోల్టులకే దెబ్బతినగలవు. చిప్పులోని బంధకపు పొరలు అంత పలుచనివి. కావున “చురుక్కుమనలేదు గనుక ప్రమాదం లేదు” అనుకొనుట పెద్ద పొరపాటు. దెబ్బతిన్న భాగం ఒక్కొక్కప్పుడు వెంటనే చావదు. కొన్ని నెలలు పనిచేసి ఆగిపోతుంది. అప్పుడు నింద తయారు చేసినవారిపై పడుతుంది.

నూలు బట్ట చేయగలిగినది

నూలు మేలనే సలహాకు శాస్త్రాధారం ఉన్నది. ప్రామాణిక వాతావరణంలో నూలు తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలియెస్టరు 0.4 శాతం మాత్రమే. తేమగల బట్టలో విద్యుదావేశం నిలువదు, మెల్లగా జారిపోతుంది. పత్తి పండే పల్నాటిలో నూలు చొక్కా కొరకు దూరం పోవలసిన పనికూడ లేదు.

అయితే ఈ సలహాలో సగమే సత్యం. నూలుకు ఆ గుణమిచ్చినది గాలిలోని తేమ. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ సీమలోనే ఉన్నది. వేసవి మధ్యాహ్నం వడగాలి వీచేవేళ నూలుబట్ట కూడ ఎండి, తన మేలిగుణాన్ని చాలవరకు కోల్పోతుంది. గాలిలో తేమ ఎంత ముఖ్యమో ఒక ప్రసిద్ధమైన లెక్క చెబుతుంది: సాపేక్ష ఆర్ద్రత 10–20 శాతం ఉన్నప్పుడు తివాచీపై నడిచిన మనిషికి 35,000 వోల్టులవరకు రాగలదు, ఆర్ద్రత 65 శాతం దాటితే అది 1,500 వోల్టులకు దిగుతుంది. చొక్కా మారలేదు, మనిషి మారలేదు, గాలి మారినది. తడి మేతగల కూలరు గదిలో ఉంటే, ఆ గాలి కంప్యూటరు పెట్టెపై నేరుగా పడకుండ చూచుకొన్నచో, అది నల్లచొక్కాకంటె ఎక్కువ మేలు చేస్తుంది.

తివాచీ మాటయు ఇట్టిదే. అది చలిదేశాల ఇళ్లను చూచి వ్రాసిన సలహా. మాచర్ల నాపరాళ్లు పరచిన ఇంటిలో తివాచీ ఎక్కడిది? ఆ నేలపై వట్టికాళ్లతో నిలబడినవాని దేహంపై ఆవేశం పేరుకొనుట తక్కువ. ఇక్కడ తివాచీ స్థానంలో ఉన్నవి ప్లాస్టిక్ కుర్చీ, రబ్బరు చెప్పులు. పాలియెస్టరు లాగుతో ఆ కుర్చీనుండి లేచినప్పుడు పుట్టే ఆవేశాన్ని చెప్పులు నేలలోనికి పోనీయవు. సలహా ఇచ్చేవారు ఈ మాట చెప్పవలెను. తివాచీ మాట కాదు.

పట్టీలు, తొడుగులు, నగలు

ఉపకరణాలలో నిజంగా పనికివచ్చేది తీగగల మణికట్టు పట్టీ. చర్మానికి బిగువుగా తాకే ఈ పట్టీనుండి ఒక తీగ బయలుదేరి, కంప్యూటరు పెట్టెలో రంగుపూయని లోహభాగానికి తగిలించబడుతుంది. తీగలో 1 మెగోమ్ నిరోధకం ఉంటుంది. దేహంపై ఆవేశం దీనిగుండా సెకనులో పదివేలవ వంతు వ్యవధిలోనే చాలవరకు దిగిపోతుంది. పొరపాటున 230 వోల్టుల కరెంటు తగిలినా ఆ నిరోధకం దానిని 0.23 మిల్లీఆంపియరుకు మించనీయదు. ఇంత చిన్న సాధనంలో రెండు రక్షణలు!

తీగలేని పట్టీని గూర్చి మెచ్చుకొనుటకు ఏమియు లేదు. ఆవేశం పోవుటకు దారి కావలెను. దారి లేనిచోట పట్టీ ఒక ఆభరణం మాత్రమే. దానిని నమ్మినవాడు ఏమీ కట్టుకొననివానికంటె ఎక్కువ నష్టపోతాడు; ఎందుకనగా కట్టుకొననివాడు కనీసం జాగ్రత్తగా ఉంటాడు.

తీగగల పట్టీకి కూడ ఒక పరిమితి ఉన్నది. అది చర్మంమీది ఆవేశాన్నే దించుతుంది. చొక్కాచేతి అంచున ఉన్నదానిని దించలేదు, ఏలనగా బట్ట బంధకం. అందుచేతనే కర్మాగారాలలో వాహకపు నూలుపోగులు కలిపి నేసిన కోట్లు వాడుతారు. ఇంటిలో ఇంత అవసరం లేదు. పొట్టిచేతుల నూలు చొక్కా చాలును. సాధారణమైన ఉన్ని, నైలాను చేతితొడుగులు స్వయంగా ఆవేశాన్ని పుట్టిస్తవి గనుక వాటిని మానుటే మేలు.

నగలను గూర్చి హెచ్చరిక అరుదుగా వినబడుతుంది. బంగారం మంచి వాహకం. ఉంగరంగాని, వ్రేలాడే గొలుసుగాని రెండు కొనలను ఒక్కసారి తాకితే అవి కలిసిపోతవి. మీట నొక్కి కంప్యూటరు ఆపినా, ప్లగ్గు ఉన్నంతవరకు మదర్‌బోర్డులో 5 వోల్టుల కరెంటు నిలిచి ఉంటుంది. ఉంగరం, గాజులు తీసి, మంగళసూత్రాన్ని జాకెట్టులోనికి వేసుకొని, కొంగుగాని చున్నీగాని నడుమున దోపుకొని కూర్చొనవలెను. వేసవిలో మణికట్టున, నుదుట నూలుపట్టీ ఉంటే ఉప్పుచెమట బోర్డుపై పడి లోహాన్ని తినివేయకుండ కాపాడుతుంది.

మూడవ రంధ్రం సంగతి

ప్లగ్గును పెట్టి ఉంచి, స్విచ్చి ఆపి, పెట్టెను తాకుతూ పనిచేయుమని కొందరు చెబుతారు. ఈ సలహాకు ఇంటి ఎర్తుతీగ ఆధారం. పాత ఇళ్లలో సాకెట్టులోని పెద్ద రంధ్రం వెనుక తీగయే లేకపోవచ్చును. తీగ ఉన్నా ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తుగొయ్యి వేసవిలో ఎండిపోతే దాని బలం తగ్గుతుంది. నీళ్లు పోయవలసి ఉంటుంది. ఎర్తు లేని కంప్యూటరు నడుస్తున్నప్పుడు పెట్టెను తాకితే జివ్వుమనుట చాలామంది అనుభవం. కావున ప్లగ్గు పూర్తిగా తీసి, పట్టీని పెట్టెకు తగిలించి పనిచేయుట నిరపాయకరం. ఇక్కడ భూమికంటె ముఖ్యమైనది, మనిషికీ యంత్రానికీ వోల్టేజిలో తేడా లేకుండుట. తేడా లేనిచోట స్ఫులింగం పుట్టదు. విద్యుత్తును సరఫరాచేసే లోపలిపెట్టెను మాత్రం విప్పరాదు; ప్లగ్గు తీసినా అందులో 300 వోల్టులకు పైబడిన ఆవేశం కొంతసేపు నిలిచి ఉండగలదు. ఏ పట్టీ, ఏ చొక్కా అక్కడ రక్ష కాదు.

బొమ్మల చొక్కాలో దోషం ఏమీ లేదు. ఒకే అభిరుచి గలవారు ఒకరినొకరు గుర్తించుటకు అది పనికివస్తుంది. న్యాయవాది కోటువలె దానికి దాని గౌరవం ఉన్నది. రక్షణ పేరుతో దానిని అమ్ముటయే దోషం. పెట్టెలో నూలు చొక్కా ఎట్లాగూ ఉంటుంది. కొనవలసినది తీగగల పట్టీ ఒక్కటి; చూపించుకొనవలసినది గోడలోని మూడవ రంధ్రం.