రెండు పైసల తేడా

1988లో ఢిల్లీలో ఒక క్లబ్ టోర్నమెంట్ జరుగుతోంది. సిండికేట్ బ్యాంకులో గుమాస్తాగా చేసిన ముకేశ్ కుమార్ గుప్తా మ్యాచ్ చూడ్డానికి వెళ్లాడు. అజయ్ శర్మ అనే బ్యాట్స్‌మన్ ఆట అతనికి నచ్చింది. ఆట ముగిశాక వెళ్లి పలకరించి, మెచ్చుకోలుగా 2,000 రూపాయలు చేతిలో పెట్టాడు. బదులుగా ఏమీ అడగలేదు. పన్నెండేళ్ల తర్వాత సీబీఐ అధికారులు కూర్చోబెట్టి అడిగితే, అది రేపటి కోసం పెట్టిన పెట్టుబడి అని అతనే చెప్పాడు.

2000 అక్టోబరు చివర్లో సీబీఐ కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చిన మ్యాచ్ ఫిక్సింగ్ నివేదికలో ఉందీ సంగతి. పోలీసు కాగితాలంటే మనకు సహజంగానే విసుగు. సదరు వ్యక్తి, పైన తెలిపిన చిరునామా, పంచుల సమక్షంలో అంటూ ఎక్కడ చదివినా ఒకటే పాట. ఈ నివేదిక వేరే తరహాది. బుకీ ఎలా తయారవుతాడో, ఆటగాడు ఏ మెట్టు మీద జారతాడో, వాళ్లిద్దరి వెనక మాఫియా ఎందుకు వచ్చి నిలబడుతుందో ఇంత విడమరిచి చెప్పిన కాగితం మన దేశంలో నేను ఇంకొకటి చదవలేదు. దీన్ని ఒక పనితనంగా చూడాలనీ, ఎక్కడ ఎలా కుదిరిందో చెప్పాలనీ నా కోరిక.

నేనుండే బెంగళూరు కాడుగోడిలో ఈ నివేదిక అవసరం ఏటా ఐపీఎల్ జరిగే ఏప్రిల్, మే నెలల్లో కళ్లకు కడుతుంది. అనంతపురం, చిత్తూరు, కడప, నెల్లూరు నుంచి వచ్చిన కుర్రాళ్లతో ఇక్కడి పీజీ హాస్టళ్లు నిండి ఉంటాయి. మ్యాచ్ రోజున మెట్రోలో పర్పుల్ లైన్ ఎక్కితే బండి మారకుండా కబ్బన్ పార్క్ దగ్గర దిగి చిన్నస్వామి స్టేడియానికి నడిచిపోవచ్చు. టికెట్ దొరకనివాళ్లు గదుల్లోనే ఉండి, ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను ఫోన్ మీద పెడతారు. ఫోన్‌లో ఒక్కో జట్టు పేరుకు ఎదురుగా రెండు గడులు: ఒకటి నీలం, ఒకటి గులాబీ. వాటిలో అంకెలు బంతి బంతికీ మారుతుంటాయి. ఎవరో వాట్సాప్‌లో ‘ఐడీ’ ఇస్తారు, పాయింట్లు వేస్తారు. ఆ రెండు గడుల మధ్య సందులో ఎవరు కూర్చున్నారో ఆ కుర్రాళ్లకు కనపడదు.

ఆ సందు సంగతి ముందు చూద్దాం. బుకీల భాషలో జట్టు గెలుస్తుందని కాయడం ‘లగాయి’, గెలవదని కాయడం ‘ఖాయి’. గెలిచేట్టు కనిపించే జట్టుకు ధర ‘40–42’ అన్నాడనుకోండి. లక్ష లగాయి చేసినవాడికి జట్టు గెలిస్తే 40 వేలు వస్తాయి, ఓడితే లక్ష పోతుంది. లక్ష ఖాయి చేసినవాడికి జట్టు ఓడితే లక్ష వస్తుంది, గెలిస్తే 42 వేలు కట్టాలి. ఇప్పుడు బుకీ వైపు నుంచి లెక్క వేయండి. జట్టు గెలిస్తే ఒకడి దగ్గర 42 వేలు తీసుకుని ఇంకొకడికి 40 వేలు ఇస్తాడు. ఓడితే ఒకడి లక్ష తీసుకుని ఇంకొకడికి ఇచ్చేస్తాడు. ఒకవైపు 2 వేలు లాభం, రెండోవైపు సున్నా. నష్టమన్నది లేదు. రూపాయికి రెండు పైసల తేడా, అంతే అతని కూలి. రెండు వైపులా పందేలు సమంగా పడేట్టు ధరను అటూ ఇటూ జరుపుకుంటూ పోతే చాలు, ఎవరు గెలుస్తారో అతనికి తెలియాల్సిన పనే లేదు. నీలం, గులాబీ గడుల్లో ఉన్నదీ ఇదే లెక్క.

మరి తెలియాల్సిన పని లేనివాడు ఆటగాడి చేతిలో 2,000 ఎందుకు పెట్టాడు? ఈ ప్రశ్నను పట్టుకోవడంలోనే సీబీఐ పనితనం ఉందంటాను. గుప్తా 1984లో పాత ఢిల్లీలో తన ఇంటి చుట్టుపక్కల జనం చిన్న చిన్న పందేలు కాస్తుంటే చూసి ఇందులోకి దిగాడు. 1983లో మనవాళ్లు ప్రపంచకప్ తెచ్చి ఏడాదే అయింది. వన్డేలు పెరుగుతున్నాయి, ఇంటింటికీ టీవీ వస్తోంది. అతను ఆట గురించి శ్రద్ధగా తెలుసుకుని పందేలు కాశాడు, గెలిచాడు, పెద్ద పందేలకు ఎదిగాడు. అంటే అతను రెండు పైసల కూలితో ఆగలేదు. తన పందేల పుస్తకంలో ఒకవైపు బరువు పడితే దాన్ని ఇంకో బుకీకి తోసేయకుండా తనే పెట్టుకునే స్థాయికి వచ్చాడు. బరువు తన మీద ఉన్నవాడికి కబురు కావాలి. పిచ్ ఎలా ఉంది, వాన పడేట్టుందా, రేపు ఎవరు ఆడుతున్నారు? అలా మొదలవుతుంది. నివేదిక చెప్పిన ప్రకారం అజయ్ శర్మ మొదట ఇచ్చిందీ ఇలాంటి కబుర్లే. ఆయన ద్వారా మనోజ్ ప్రభాకర్, తర్వాత మరికొందరు పరిచయమయ్యారు. పిచ్ గురించి చెబితే తప్పేముంది అనిపించే చోటు నుంచి, ఈ మ్యాచ్‌లో కాస్త తగ్గి ఆడమని అడిగే చోటు దాకా ఎన్ని మెట్లున్నాయో నివేదిక ఒక్కొక్కటిగా చూపిస్తుంది. ఎక్కడా గొంతు పెంచదు.

అంతకు మూడేళ్ల ముందు, 1997లో, బీసీసీఐ ఇదే విషయం మీద సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్‌తో ఏకసభ్య విచారణ జరిపించింది. ఆయన ఆటగాళ్లనూ అధికారులనూ పత్రికలవాళ్లనూ అడిగారు. పందేలు జోరుగా సాగుతున్నాయి గానీ మన ఆటగాళ్లకు వాటితో సంబంధం లేదని తేల్చారు. ఆర్.కె.రాఘవన్ డైరెక్టర్‌గా ఉన్న సీబీఐలో రవి సవానీ బృందం దారి మార్చింది. బుకీల దగ్గరకు వెళ్లింది, వాళ్ల వృత్తి నేర్చుకుంది. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారో రికార్డులు తెప్పించింది. ఆ తర్వాతే ఆటగాళ్లను పిలిచింది. ఏ తలుపు ముందు తట్టాలో తెలియడం దర్యాప్తులో సగం పని.

దీనికి ముందరి పుణ్యం ఢిల్లీ పోలీసులది. క్రైం బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వర్ సింగ్ రెఢూ బెదిరింపు వసూళ్ల కేసులో కొన్ని ఫోన్లు వింటున్నారు. ఆ మాటల మధ్య క్రికెట్ వచ్చింది. ఇంకొకరైతే మన కేసు కాదులే అని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. అలా 2000 ఏప్రిల్ 7న ఫిక్సింగ్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే పేరు బయటికొచ్చింది. క్రోన్యే మొదట కాదన్నాడు, నాలుగు రోజులకే కొంత ఒప్పుకున్నాడు, కెప్టెన్సీ పోయింది. ఆ కథలో ఒక ఘట్టం మన బెంగళూరులో జరిగింది. 2000 మార్చిలో ఇక్కడి టెస్టుకు ముందు హోటల్లో క్రోన్యే తన జట్టులోని కలిస్, క్లూజ్‌నర్, బౌచర్‌లను డబ్బు తీసుకుని తగ్గి ఆడతారా అని నవ్వులాటగా అన్నట్టు అడిగి చూశాడని ఆ దేశపు కింగ్ కమిషన్ ముందు బయటపడింది. వాళ్లు కొట్టిపారేశారు. మన మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ ఆడిన తొంభై తొమ్మిదో, ఆఖరి టెస్టూ అదే. మన జట్టు ఇన్నింగ్స్ తేడాతో ఓడిన ఆ మ్యాచ్‌లో ఆయన సెంచరీ కొట్టారు.

నివేదికలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు మ్యాచ్ ఫిక్సింగ్ అంటే ఏమిటో చెప్పిన పేరా. మామూలుగా మనం డబ్బు తీసుకుని ఓడిపోవడం అనుకుంటాం. సీబీఐ వల పెద్దగా విసిరింది. డబ్బు తీసుకుని సత్తాకు తగ్గట్టు ఆడకపోవడం ఒకటే కాదు. తాను ఆడే మ్యాచ్ మీదే పందెం కాసినా అందులోకే వస్తుంది. జట్టు కూర్పు, పిచ్, వాతావరణం గురించిన కబుర్లు జూదగాళ్లకు అమ్మినా, గ్రౌండ్ సిబ్బందికి డబ్బిచ్చి పిచ్‌ను కావలసినట్టు చేయించినా, పాత ఆటగాళ్లను దళారులుగా వాడుకుని కొత్తవాళ్లను పట్టినా అంతే. పైన చెప్పిన మెట్లన్నీ ఈ నిర్వచనంలో ఉన్నాయి. నిర్వచనం ముందు రాసుకుని దానికి సరిపడే సాక్ష్యం వెతికిన పని కాదిది. ఎంతోమంది చెప్పిన కథలు విన్నాక, ఆ కథల ఆకారం నుంచి తీసిన నిర్వచనం. చేయి తిరిగిన వడ్రంగి చెక్క పోగు చూసి కొలత తీసినట్టుంటుంది.

మాఫియా మాట దగ్గర నివేదిక ఆచితూచి మాట్లాడుతుంది. తేలిగ్గా డబ్బు పుట్టే ప్రతి అక్రమ వ్యాపారంలోకీ మాఫియా చేరడం తెలిసిందే, ఇందులోకీ చేరడం మొదలైంది, ఆపకపోతే మొత్తం దాని చేతికిందికి పోతుంది అని హెచ్చరిస్తుంది. ఎందుకు చేరుతుందో పాఠకుడు కొంచెం ఆలోచిస్తే తడుతుంది. పందెం అంతా ఫోన్‌లో మాట మీద నడుస్తుంది. రసీదు లేదు, సంతకం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. బాకీ ఎగ్గొట్టినవాడి మీద బుకీ కోర్టుకు వెళ్లలేడు. అలాంటప్పుడు బాకీ వసూలు చేసిపెట్టేదెవరు? బుకీకీ బుకీకీ మధ్య తగవు తీర్చేదెవరు? కోర్టు లేని చోట గూండా కోర్టు పెడతాడు, అందుకు వాటా అడుగుతాడు. వాటాదారుడు కొంతకాలానికి యజమాని అవుతాడు. దుబాయ్‌లో దావూద్ ఇబ్రహీం ముఠా తరఫున క్రికెట్ పందేలు చూసేవాడని పోలీసులు చెప్పిన కర్ణాటకవాడు శరద్ శెట్టిని 2003 జనవరిలో అక్కడి ఇండియా క్లబ్‌లో కాల్చి చంపారు. రెండు పైసల కూలితో మొదలైన వృత్తి చివరికి చేరేది అక్కడికి. కాడుగోడి పీజీ గదిలో అప్పు పెరిగిపోయిన కుర్రాడికి రాత్రిపూట కొత్త నంబర్ల నుంచి ఫోన్లు వస్తే, వాటి మూలం కూడా ఈ 30వ సెక్షన్ నీడలోనే ఉంది. అతని భయం నాకు తెలుసు. అతను పోలీసు స్టేషన్‌కు వెళ్లడానికీ భయపడతాడు, ఇంట్లో చెప్పడానికీ భయపడతాడు.

ఇక ఆటగాళ్ల భాగం. బుకీ ఏం చెప్పాడు, ఆటగాడు ఏం చెప్పాడు, ఫోన్ రికార్డులు ఏం చెబుతున్నాయి అన్నవి పక్కపక్కనే పెట్టి, తమ అంచనాను విడిగా రాశారు. ఇది గొప్ప మర్యాద. కాదన్నవాడి కాదు కూడా కాగితం మీద ఉంది. హైదరాబాదీలందరికీ గుండె కోసిన పేజీలు అజహర్‌వి. కొన్ని మ్యాచ్‌ల విషయంలో డబ్బు తీసుకున్నట్టు ఆయన తమ ముందు ఒప్పుకున్నారని సీబీఐ రాసింది. ఆయన తర్వాత అది నిజం కాదన్నారు. 2000 డిసెంబరులో బీసీసీఐ ఆయన మీదా అజయ్ శర్మ మీదా జీవితకాల నిషేధం పెట్టింది. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అజహర్ మీద నిషేధం చట్టరీత్యా చెల్లదని తీర్పిచ్చింది. అజయ్ శర్మకు 2014లో ఢిల్లీ కోర్టులో ఊరట దొరికింది. ఇక్కడ నివేదికలో లోపం కూడా ఒప్పుకోవాలి. బుకీ మాట మీద ఎక్కువ బరువు వేసిన చోట్లు ఉన్నాయి. విదేశీ ఆటగాళ్ల పేర్లు కొన్ని తగినంత ఆధారం చేతికి రాకుండానే అచ్చులోకి వచ్చాయి, ఆ మచ్చ వాళ్లు మోయాల్సి వచ్చింది. మంచి పనిలో ఉన్న లోపం గనకే దాన్ని దాచకూడదు.

అయితే సొంత బలహీనతను సీబీఐ దాచుకోలేదు. ఇంత సేకరించాక కూడా నేరం కింద కేసు నిలబెట్టడం కష్టమని తనే రాసింది. 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టంలో జూదశాల నడిపినవాడికి శిక్ష 200 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు. అప్పటి శిక్షాస్మృతి 420 సెక్షన్ కింద మోసం అందామంటే మోసపోయింది ఎవరు, ఏం పోగొట్టుకున్నారు అన్నది చూపించాలి. కేసు గెలుస్తామని బల్ల గుద్దకుండా, ఇక్కడితో చట్టం ఆగిపోతోంది అని గీత గీసి చూపించిన దర్యాప్తు సంస్థను ఎన్నిసార్లు చూస్తాం?

ఆ గీత సరిగ్గా గీశారని ఇరవై ఒక్కేళ్ల తర్వాత బెంగళూరులోనే రుజువైంది. 2019లో కర్ణాటక ప్రీమియర్ లీగ్‌లో ఫిక్సింగ్ జరిగిందని నగర పోలీసుల సీసీబీ విభాగం కేసు పెట్టింది. ఒక జట్టు యజమానినీ, కొందరు ఆటగాళ్లనూ అరెస్టు చేసింది. 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు ఆటగాళ్ల మీద కేసు కొట్టేసింది. ఫిక్సింగ్ చేయడం నిజాయతీ లేకపోవడమే, క్రమశిక్షణ తప్పడమే, బోర్డు చర్య తీసుకోవచ్చు. అయినా ప్రేక్షకుడు టికెట్ తన ఇష్టంతో కొనుక్కున్నాడు గనక 420 కింద మోసం కాదు అంది. కాడుగోడి నుంచి వెళ్లి టికెట్ కొనుక్కుని గొంతు పోయేలా అరిచిన మనిషి దృష్టిలో ఇది మోసమే. చట్టానికి మాత్రం అతను పోగొట్టుకున్నదానికి పేరు లేదు.

పేరు పెట్టే ప్రయత్నం జరిగింది. 2013 ఐపీఎల్ ఫిక్సింగ్ గొడవ తర్వాత క్రీడా మోసాల నివారణ బిల్లు ముసాయిదా తయారైంది, చట్టం కాలేదు. 2018లో లా కమిషన్ తన 276వ నివేదికలో ఫిక్సింగ్‌ను కఠిన శిక్షలున్న నేరంగా చేయమని చెప్పింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. నీలం, గులాబీ గడులు నడిపేవాడికి దాని కింద మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా పడొచ్చు. 1867 నాటి 200 రూపాయల నుంచి చూస్తే ఇది చాలా దూరం. చేతిలో 2,000 పెట్టి వెళ్లిపోయేవాడి గురించి మాత్రం ఇందులోనూ ఏమీ లేదు. అతన్ని గుర్తుపట్టడం నేర్పే పేజీలు 2000 నాటి ఆ నివేదికలోనే ఉన్నాయి. రంజీ జట్టులో చోటు దొరికిన ప్రతి తెలుగు కుర్రాడి చేతికీ ఆ నాలుగు పేజీలు తెలుగులో అందించే పని ఇక్కడి, హైదరాబాదు, ఆంధ్ర క్రికెట్ సంఘాలు ఈ సీజన్ నుంచే మొదలుపెట్టవచ్చు.