తూటామందు కరవు: వదంతి, వాస్తవము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల నల్లరేగడి పొలములలో ప్రత్తి తరతరములుగా పండుచున్నది. నంద్యాలలో 1906లో నెలకొన్న వ్యవసాయ పరిశోధన స్థానము "నరసింహ" వంటి ప్రత్తి రకములను రైతులకు అందించినది. జిన్నింగు మిల్లులో దూది తీసిన పిమ్మట గింజను చేతిలోనికి తీసికొని చూచినచో, దానిని అంటిపెట్టుకొని పొట్టి నూగు కనబడును. ఆ నూగునకు, తుపాకిమందునకు సంబంధమున్నదనిన ఆళ్లగడ్డ విద్యార్థి ఆశ్చర్యపడవచ్చును. సంబంధము నిజమే. కాని ఆ నిజము చుట్టును అల్లుకొన్న వదంతులన్నియు నిజములు కావు.

తూటాలో నాలుగు భాగములుండును. మొదటిది ఇత్తడి గొట్టము. రెండవది దాని అడుగున దెబ్బ తగులగనే అంటుకొను ప్రైమరు అను చిన్న టోపీ. మూడవది లోపలి పొగలేని మందు. నాలుగవది కొనయందలి గుండు. కాల్చిన పిదప గొట్టము మిగులును, తక్కినవి ఖర్చగును. అమెరికాలో గురిపోటీలవారు, వేటగాండ్రు అనేకులు ఈ ఖాళీ గొట్టములను ఇంటివద్దనే మరల నింపుకొందురు. భారతదేశములో 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనివారు తూటాలు తయారుచేయరాదు. అయినను ఈ కథనుండి ఇక్కడి విద్యార్థి నేర్చుకొనదగిన తర్కము కలదు.

అమెరికాలో 2012-13లోను, మరల 2020-21లోను ప్రైమర్లు, మందు అంగళ్లలో కరవైనవి. వెంటనే వదంతులు బయలుదేరినవి.

మొదటి వదంతి, ప్రభుత్వమే తూటాలన్నిటిని కొనివేయుచున్నదని. దేశాంతర్గత భద్రతా శాఖ 160 కోట్ల తూటాలు కొన్నదని చెప్పుకొనిరి. ఆ అంకె గాలిలోనుండి ఊడిపడినది కాదు. నాలుగైదు సంవత్సరములలో అవసరమైనచో అంతవరకు కొనుటకు వీలు కల్పించు ఒప్పందముల మొత్తమది. 2014లో ఆ దేశపు పార్లమెంటు తరఫున లెక్కలు చూచు సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారము, 2013 ఆర్థిక సంవత్సరములో ఆ శాఖ కొన్నవి సుమారు 8.4 కోట్లు మాత్రమే. అది అంతకు ముందటి సంవత్సరములకంటె తక్కువ. "కొనవచ్చును" అను మాట నోటినుండి నోటికి ప్రాకుచు "కొన్నది" అయినది. అసలు కారణము వేరు. 2012 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రమందలి ఒక పాఠశాలలో జరిగిన ఘోరమైన కాల్పుల తరువాత చట్టములు బిగియునని భయపడి, జనులు ఒక్కమారుగా కొనసాగిరి.

రెండవ వదంతి, కర్మాగారములు ప్రైమర్లను దాచి ధరలు పెంచుచున్నవని. 2020లో మహమ్మారి, అలజడులు, ఎన్నికలు ఒకదానిపై నొకటి వచ్చుటచే లక్షలాది మంది క్రొత్తగా తుపాకులు కొనిరి. అదే సంవత్సరము జులైలో రెమింగ్టన్ సంస్థ దివాలా తీసినది. అమెరికాలో ప్రైమర్లు చేయు పెద్ద సంస్థలను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ప్రతి తూటాకు ఒక ప్రైమరు తప్పనిసరి. గిరాకి పెరిగినప్పుడు కర్మాగారము ప్రైమర్లను ముందుగా తన తూటాలకే వాడుకొనును. మిగిలినవే విడిగా అంగడికి వచ్చును. కావున ఇంటిలో నింపుకొనువారికి కరవు ముందుగా తగిలినది. దీనిని వివరించుటకు కుట్ర అక్కరలేదు. ప్రైమరు మందు మిక్కిలి ప్రమాదకరము. దానిని తయారుచేయు క్రొత్త శాలలను నెలలలో నిలబెట్టుట సాధ్యము కాదు.

మూడవది ప్రత్తిని గూర్చినది. పొగలేని మందునకు మూలమైన నైట్రోసెల్యులోజును సెల్యులోజు, నత్రికామ్లముల చర్యవలన తయారు చేయుదురు. ప్రత్తిగింజ నూగు దాదాపు శుద్ధమైన సెల్యులోజే. 2024 మార్చిలో ఐరోపా సమాఖ్య కమిషనరు తియెరీ బ్రెతోన్, మందు తయారీకి వలయు ప్రత్యేకమైన ప్రత్తి చైనానుండి వచ్చుట కొన్ని నెలలుగా ఆగినదని ప్రకటించెను. ఆయన చెప్పినది ఆ ప్రత్యేకమైన సరకును గూర్చియే. ఆ విశేషణము జారిపోయినచో మిగులునది "ప్రత్తి లేదు, కనుక మందు లేదు" అను వాక్యము. ఈ వాక్యమును చరిత్ర ఒకమారు పరీక్షించియున్నది. 1915 ఆగస్టులో బ్రిటను ప్రత్తిని నిషిద్ధ వస్తువుగా ప్రకటించినది. బెంగుళూరు విజ్ఞానసంస్థ స్థాపనకు పూర్వము భారతదేశము వచ్చి సలహా ఇచ్చిన సర్ విలియం రామ్సే ఈ చర్యను గట్టిగా కోరినవారిలో ఒకడు. కాని జర్మనీ కలపగుజ్జు సెల్యులోజును వాడుకొన్నది. యుద్ధము 1918 వరకు సాగినది. దానికి కష్టతరమైనది నత్రికామ్లము. చిలీ దేశపు నైట్రేటు ఓడలు ఆగిపోగా, హేబర్-బాష్ పద్ధతిలో గాలినుండి నత్రజనిని గ్రహించి ఆ కొరత తీర్చుకొన్నది. నేడు నంద్యాల రైతు చల్లు యూరియాకు ఆధారము ఆ పద్ధతియే.

నూగునకు లోటు లేదని దీని అర్థము కాదు. శుద్ధిచేసిన నూగు కొరకు ఐరోపా చైనాపై మిక్కిలిగా ఆధారపడిన మాట వాస్తవము. కాని ప్రత్తి పండినంత మాత్రమున మందు కాదు. నూగును శుద్ధి చేయవలెను, ఆమ్లము కావలెను, ఈ ప్రమాదకరమైన పని నెరిగిన కర్మాగారము కావలెను. నీలగిరులలోని అరువంకాడు కర్మాగారమువంటివి ప్రపంచమున కొద్దిగానే కలవు. సీసాలోనుండి నీరు పడు వేగమును నిర్ణయించునది దాని మెడయే.

వదంతి కేవలము అబద్ధమై ఊరకుండదు. అది తానే కరవును సృష్టించును. ఆళ్లగడ్డలో ఒక అంగడివద్ద నెలకు 1,000 కుటుంబములు కిలో చొప్పున ఉప్పు కొనుననియు, అంగడిలో 1,200 కిలోలున్నదనియు ఊహించినచో అందరికి చాలి, 200 కిలోలు మిగులును. కరవు వచ్చునని విని ఒక్కొక్కరు 3 కిలోలు కొన్నచో 400 కుటుంబములతో అంగడి ఖాళీ యగును. 600 కుటుంబములు వట్టిచేతులతో మరలిపోవును. ఉప్పుమడులలో ఉత్పత్తి ఒక్క తులమైనను తగ్గలేదు. 2016 నవంబరులో ఢిల్లీ, ఉత్తర ప్రదేశ్ మొదలు హైదరాబాదు వరకు ఉప్పు వదంతి వ్యాపించినప్పుడు జనులు ఈ విధముగనే అంగళ్లపై పడిరి. ఇట్టి సమయమున డబ్బున్నవాడు మూటలు కట్టుకొనిపోవును; ఏనాటి కూలితో ఆనాడు కొనుక్కొనువాడు నష్టపోవును. మొదట వట్టిచేతులతో మరలువాడు వదంతిని పుట్టించినవాడు కాడు.

కొరత అను మాట చెవినిబడినప్పుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేయవలెను. మామూలుగా ఎంత తయారగును? గిరాకి ఎంత పెరిగినది? తయారీలో ఇరుకైన మెట్టు ఏది? ఉపాధ్యాయులు ఈ ప్రశ్నలను తరగతిలో ఉప్పుతోనో యూరియాతోనో అభ్యాసము చేయించినచో, మరునాడు బజారులో వదంతి వినబడినప్పుడు సంచి పట్టుకొని పరుగెత్తువారిలో ఒకరైనను తగ్గుదురు.