తల్లి చేతిలో పసిబిడ్డ బరువు

మేరీ కసాట్ 1844లో అమెరికాలో పుట్టినా, చిత్రకారిణిగా బతుకులో ఎక్కువ భాగం గడిపింది ఫ్రాన్సులోనే. చిత్రకారుడు డెగా పిలుపుతో 1877లో ఇంప్రెషనిస్టు చిత్రకారుల బృందంలో చేరింది. 1900 తర్వాత ఆమె గీసిన తల్లీబిడ్డల పాస్టెల్ చిత్రాల్లో అందరూ ముందు ముఖాలు చూస్తారు. నేనైతే తల్లి చేతిని చూడమంటాను.

దానికి ముందు పాస్టెల్ సంగతి. రంగుపొడికి తెల్లసుద్ద, కాస్త జిగురు కలిపి, ముద్ద చేసి, కడ్డీలుగా చుట్టి ఆరబెడతారు. గరుకు కాగితం మీద గీస్తే పొడి ఆ గరుకులో చిక్కుకుంటుంది, అంతే. నూనె రంగుల్లా ముందే కలిపి తెచ్చుకునే వీల్లేదు. గీత పక్కన గీత, గీత మీద గీత వేసి, కలిపే పని చూసేవాళ్ల కంటికి వదిలేయాలి. పొరలు మరీ ఎక్కువైతే కాగితం గరుకు పూడిపోయి కొత్త రంగు పట్టదు. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి.

ఇప్పుడు బిడ్డ ఒళ్లు చూడండి. గులాబీ, తెలుపు, లేత పసుపు గీతల సందుల్లో పచ్చ, నీలి గీతలు తొంగిచూస్తాయి. పసివాళ్ల పలచని చర్మం కింద నీలిచాయ ఉంటుంది కదా! నీడ కోసం నలుపు పులిమి ఉంటే ఆ ఒళ్లు మట్టిబొమ్మలా చచ్చుబడిపోయేది. గీతలు ఒంటి వంపుల వెంటే నడుస్తాయి. ముఖం దగ్గర రంగు మెత్తగా కలిసిపోతుంది. తల్లి దుస్తుల దగ్గరికొచ్చేసరికి గీతలు విడివిడిగా, దూకుడుగా సాగుతాయి.

ఇక ఆ చేయి. వేళ్లు నాజూగ్గా ఉండవు. విడివడి, బలంగా, బిడ్డ తొడ కింద పట్టు బిగించి ఉంటాయి. పారిస్‌కు వాయవ్యాన వాజ్ ప్రాంతంలో 1894లో ఆమె ఓ భవంతి కొనుక్కుంది. ఆ చుట్టుపక్కల పల్లె ఆడవాళ్లనే తరచుగా కూర్చోబెట్టి గీసేది. పిల్లల్ని ఎత్తుకోవడం అలవాటైన చేతులవి. వేలి కొన దగ్గర ఒక ముదురు గీత, పక్కనే ఉబ్బిన కండకు ఒక లేత గీత. వేలు ఒంట్లోకి దిగిపోతుంది, బిడ్డకు బరువొచ్చేస్తుంది.

కసాట్ కళ్లలో శుక్లాలు ముదిరే కొద్దీ ఆ గీతలూ పెద్దవయ్యాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న 1914 నాటి ‘తల్లీ బిడ్డ’ ఆమె చివరి చిత్రాల్లో ఒకటి. గీతలు బారుగా, మోటుగా ఉంటాయి. చూపు మందగించడం వల్లే అలా అయిందంటారు, నిజమే కావచ్చు. అయితే వంపు వెంట గీతను నడిపే పద్ధతి మాత్రం ఆ మోటు గీతల్లోనూ తప్పలేదు.